ఫౌజీ డ్యూటీ జమ్మూలో, లైసెన్సు తిరుపతిది: రెన్యువల్ ఎట్లా చేయించాల?

పాకాల_జంక్షన్
అన్నలకి, అక్కలకి నమస్కారం. మా అన్న ఆర్మీలో హవల్దారు, ఇప్పుడు రాజౌరీ దగ్గర ఉండాడు. 2006లో తిరుపతిలో తీసుకున్న లైసెన్సు, బైకూ కారూ రెండూ ఉండాయి. వచ్చే నెలాఖరుకి గడువు అయిపోతుంది, సెలవు ఇప్పట్లో లేదు. వదిన, పాప జలంధర్‌లో క్వార్టర్స్‌లో ఉండారు. వదిన లైసెన్సు చిత్తూరుది, గడువు తీరి 8 నెలలు. మిలిటరీ వాళ్లకి గడువు దానంతటదే పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పినారు, నిజమేనా? ఆర్టీఓ ఆఫీసు ముందర ఏజెంటేమో "మనిషి రాకుండానే చేయిస్తా, ఆధార్ ఓటీపీ చెప్పండి చాలు" అంటా ఉండాడు.

అలిపిరి_రోడ్డు
ఆ వీడియో మన దేశానిది కాదు తమ్ముడూ. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సైన్యంలో ఉన్నవాళ్ల లైసెన్సుకి అట్లాంటి పొడిగింపు ఉంది. దాన్ని ఎవరో తెలుగులో చెప్పి థంబ్‌నెయిల్ మీద మన జెండా పెట్టుంటారు. మన 1988 మోటారు వాహనాల చట్టంలో ఫౌజీకి వేరే గడువు లేదు. కరోనా అప్పుడు అందరికీ ఇచ్చిన పొడిగింపు కూడా 2021 అక్టోబరు 31తో అయిపోయింది.

ఇంకో పాత నమ్మకం కూడా ఉంది, గడువు తర్వాత 30 రోజులు నడపొచ్చని. 2019 సవరణలో దాన్ని తీసేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి, కార్డు మీద ఉన్న తేదీ దాటిన మర్నాడే లైసెన్సు చెల్లదు. పట్టుబడితే సెక్షన్ 181 కింద 5,000 జరిమానా. అంతకంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సులో పడుతుంది. యాక్సిడెంటు అయితే సొంత బండి క్లెయిము ఆపేస్తారు. అవతలివాళ్లకి కంపెనీ డబ్బు కట్టినా, తర్వాత అది మన దగ్గర వసూలు చేసుకుంటుంది. వదినమ్మ 8 నెలలుగా స్కూటీ తీస్తా ఉంటే ముందు అది ఆపమనండి.

అదే సవరణలో మనకి పనికొచ్చేది కూడా ఒకటి వచ్చింది. గడువుకి ఏడాది ముందు నుంచీ రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఎల్‌ఓసీకో, యూఎన్ మిషన్‌కో పోస్టింగ్ ఆర్డరు చేతికొచ్చిన రోజే గడువు తేదీ చూసుకుంటే ఈ తిప్పలుండవు.

రేణిగుంట_గేటు
తేదీల లెక్క నేను చెప్తా, చాలామంది ఇక్కడే తికమక పడతారు.

పాత రూలు ప్రకారం సొంత బండి లైసెన్సు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు, ఏది ముందొస్తే అది. అందుకే 2005, 2006లో తీసుకున్నవాళ్లందరికీ వరసపెట్టి ఇప్పుడు గడువులు తీరతా ఉండాయి. కొత్త రూలు వేరే. 30 లోపు వయసులో తీసుకుంటే 40 వచ్చేదాకా. 30 నుంచి 50 మధ్య అయితే 10 ఏళ్లు. 50 దాటి 55 లోపు అయితే 60 వచ్చేదాకా. 55 దాటితే 5 ఏళ్లకొకసారి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు, అంటే లారీ, టాక్సీ లాంటి కిరాయి బండ్లది, ఏ వయసుకైనా 5 ఏళ్లే. హవల్దారు గారికి 38, 39 ఉంటుంది కాబట్టి 10 ఏళ్లు వస్తుంది.

ఏడాది ముందే పెట్టుకోవచ్చు అన్నారు కదా, అందులో చిన్న మెలిక ఉంది. కొత్త గడువు రెన్యువల్ చేసిన తేదీ నుంచి లెక్క కడతారు, పాత గడువు తీరే తేదీ నుంచి కాదు. 10 నెలల ముందు పెడితే ఆ 10 నెలలు పోయినట్టే. పోస్టింగ్ అడ్డం లేకుంటే చివరి రెండు మూడు నెలల్లో పెట్టండి. అడ్డం ఉంటే ఆ నెలలు పోతే పోనీ.

గడువు దాటి ఏడాది లోపల అయితే టెస్టు లేదు, అపరాధ రుసుము ఉంటుంది. మామూలు రెన్యువల్ ఫీజు 200, కార్డుకి 200. ఆలస్యమైతే రెన్యువల్ 300 అవుతుంది, పైన ఏడాదికి గానీ అందులో భాగానికి గానీ 1,000 పడుతుంది. రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు వేరే, మొత్తం ఎంతో కట్టేటప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఏడాది దాటిందంటే మాత్రం మళ్లీ టెస్టు పాసు కావాల్సిందే. మీ వదినకి ఇంకా 4 నెలలు టైముంది. ఆమెది ముందు తెమల్చండి, అన్నది ఆ తర్వాత.

పాకాల_జంక్షన్
అన్నది తర్వాతా? ఆయన గడువు వచ్చే నెలే కదన్నా.

రేణిగుంట_గేటు
ఆయనకి గడువు దాటినా ఏడాది ఉంది, అక్కడ సొంత బండి నడపడు కూడా. ఆమెకి దాటితే టెస్టు. అదీ తేడా. కుదిరితే రెండూ ఒకే వారంలో పెట్టండి, ఎవరొద్దన్నారు.

సిగ్నల్స్_రిటైర్డ్
రాజౌరీ అన్నారు కాబట్టి అసలు సమస్య ఫోను. మన ఏపీ ప్రీపెయిడ్ సిమ్ము జమ్మూ కశ్మీర్‌లో, లడాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ అయితేనే రోమింగు. ఆధార్‌కి లింకైన నంబరు ప్రీపెయిడ్ అయితే ఆయనకి ఓటీపీ రాదు. ఓటీపీ రాకుంటే ఇంట్లో కూర్చుని చేసే దారి మూసుకుపోయినట్టే.

దీనికి రెండు దారులు. ఆ సిమ్ము ఇంట్లోనే ఉంటే అమ్మానాన్నల దగ్గర ఫోన్లో వేసి, ఓటీపీ వచ్చినప్పుడు ఆయనకి చెప్పడం. మాటలు ఆయన లోకల్ నంబరు నుంచి మాట్లాడుకోవచ్చు. సిమ్ము ఆయన దగ్గరే ఉంటే, సెలవుకి వచ్చినప్పుడు పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోవాలి, లేదా జమ్మూ దాటి పఠాన్‌కోట్ వచ్చినప్పుడు పని ముగించుకోవాలి. పంజాబ్‌లోకి అడుగు పెట్టగానే ప్రీపెయిడ్‌కి సిగ్నల్ వచ్చేస్తుంది.

ఓటీపీ ఇంట్లోవాళ్లకే చెప్పండి. ఏజెంటుకి చెప్పడమంటే మీ ఆధార్‌తో సంతకం పెట్టి ఖాళీ కాగితం ఇచ్చినట్టు. అతను అప్లికేషన్లో ఏ మొబైల్ నంబరు వేస్తాడో మీకు తెలీదు. తర్వాత వచ్చే మెసేజిలన్నీ అతనికే పోతాయి.

పాకాల_జంక్షన్
సిమ్ము ఇంట్లోనే ఉంది సార్, నాన్న ఫోన్లో. అయితే స్టెప్పులు చెప్పండి.

అలిపిరి_రోడ్డు
లైసెన్సు పనులకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరివాహన్ సారథి సైటు తెరవండి. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, అచ్చం అట్లాగే ఉండే దొంగ సైట్లు చాలా ఉండాయి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి "పరివాహన్ యాప్" అంటే తెరవొద్దు.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఎంచుకోండి. డ్రైవింగ్ లైసెన్సు సర్వీసుల్లోకి పోయి, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ వేస్తే వివరాలు వస్తాయి. అక్కడ ఆగి ఫోటో, పేరు, తండ్రి పేరు, బండి క్లాసులు సరిగ్గా ఉండాయో చూడండి. 2006 నాటి డేటాలో కారు క్లాసు ఎగిరిపోయి బైకు ఒక్కటే కనిపించిన కేసులుంటాయి. అది సరిచేయించకుండా రెన్యువల్ చేస్తే బైకు లైసెన్సే చేతికొస్తుంది.

ఆ తర్వాత ఆధార్‌తో పోవాలా, ఆధార్ లేకుండానా అని అడుగుతుంది. 2021 మార్చిలో కేంద్రం 18 సర్వీసులకి ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసుకి రాకుండా చేసుకునే వీలిచ్చింది. టెస్టు అవసరం లేని రెన్యువల్ అందులో ఒకటి. ఆధార్ ఎంచుకుంటే ఆధార్‌లో ఉన్న అడ్రసే లైసెన్సు మీదికి వస్తుంది. మీ అన్న ఆధార్ పాకాలదే అయితే ఆ దారే మేలు.

ఫారం 2 నింపడం, ఫారం 1 అంటే ఆరోగ్యం గురించి సొంత డిక్లరేషన్, పాత లైసెన్సు స్కాన్, ఫీజు. ఫోటో, సంతకం 10 నుంచి 20 కేబీ లోపు జేపీజీ అడుగుతుంది. ఫోన్లో తీసిన ఫోటో 3 ఎంబీ ఉంటుంది, తగ్గించకుండా ఎక్కించి "సైటు పనిచేయట్లా" అని తిట్టుకుంటారు. సంతకం తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి, చుట్టూ ఖాళీ కత్తిరించి ఎక్కించండి.

చివర్లో స్లాటు అడిగిందంటే ఆఫీసుకి పోవాల్సిందే. అడగకుండా స్క్రూటినీకి, అంటే ఆఫీసువాళ్ల పరిశీలనకి, పోయిందంటే ఇంట్లో కూర్చుని స్టేటస్ చూసుకోవడమే.

చిత్తూరు_తోతాపురి
డబ్బు కట్టాక పేజీ తెల్లగా ఆగిపోతే మళ్లీ కట్టొద్దు సామీ. సైటులోనే పేమెంట్ వెరిఫై చేసే ఆప్షన్ ఉంది, అప్లికేషన్ నంబరు వేసి చూడండి. బ్యాంకులో డబ్బు కోసి, సారథిలో పెండింగ్ చూపించడం మామూలే. అప్లికేషన్ నంబరు మొదట్లోనే వస్తుంది, దాన్ని రాసిపెట్టుకోనోళ్లే తర్వాత ఏడ్చేది.

ఇంకోటి. ఎప్పుడో సగంలో వదిలేసిన పాత అప్లికేషన్ ఉంటే కొత్తది ఎక్కదు. దాన్ని క్యాన్సిల్ చేసినాకే కొత్తది. దానికీ ఓటీపీ కావాల, అదీ పాత మొబైల్‌కి పోతుంది. ఏజెంటు చేతిలో పెట్టిన కేసుల్లో ఎక్కువగా తెగేది ఈడనే.

శ్రీకాళహస్తి_కలం
మన తెలుగువాళ్లకి ఫౌజులో ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి ఉంది, పేరు. లైసెన్సులో ఇంటిపేరు పొడి అక్షరం ముందు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా. సర్వీసు రికార్డులో భర్తీ రోజు క్లర్కు ఎట్లా రాస్తే అట్లా, ఒక్కోసారి ఇంటిపేరు వెనక, ఒక్కోసారి అసలు లేకుండా. భార్య పేరు పార్ట్ 2 ఆర్డరులో, అంటే పెళ్లి, పిల్లల వివరాలు ఎక్కించే ఆర్మీ కాగితంలో, ఒకలా, పెళ్లికి ముందు తీసిన లైసెన్సులో పుట్టింటి ఇంటిపేరుతో ఇంకోలా. పుట్టిన తేదీ కూడా పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకటి, ఆధార్‌లో జనవరి 1.

ఆధార్ దారిలో ఈ తేడా దగ్గరే అప్లికేషన్ ఆగిపోతుంది. లైసెన్సుని ఆధార్‌కి అనుగుణంగా మార్చాలా, ఆధార్‌ని లైసెన్సుకి అనుగుణంగానా అని తొందరపడొద్దు. సర్వీసులో ఉన్నవాళ్లకి సర్వీసు రికార్డే పెన్షన్‌కి ఆధారం. ముందు ఆధార్‌ని దానికి సరిపెట్టుకుని, లైసెన్సుని చివర్లో మార్చండి. లేకుంటే ఈ రోజు లైసెన్సు కోసం ఆధార్ మార్చి, రేపు స్పర్శ్ పెన్షన్ పోర్టల్లో ఇరుక్కుంటారు.

పుట్టిన తేదీ తేడా ఉంటే ఆన్‌లైన్ ఆశ వదిలేసి ఆఫీసుకే పోవాల. పదో తరగతి మార్కుల లిస్టు ఒరిజినల్ తీసుకుపోండి.

పాకాల_జంక్షన్
అక్కా, వదినది సరిగ్గా ఇదే. లైసెన్సులో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో మా ఇంటిపేరు పూర్తిగా. ఆధార్ అడ్రసు కూడా పాకాలే, జిల్లా మాత్రం చిత్తూరు అనే ఉంది. ఇప్పుడు మేము తిరుపతి జిల్లా కదా.

శ్రీకాళహస్తి_కలం
జిల్లా సంగతి వదిలేయ్ నాయనా. 2022 ఏప్రిల్ 4న జిల్లా మారింది, నీ ఊరూ పిన్ కోడూ మారలేదు. దాని కోసం ఎవరూ తిరగ్గొట్టరు. పేరే తేల్చుకోవాల.

ఆమెకి ఆధార్ దారి కుదరదు. ఆధార్ లేకుండా అనే ఆప్షన్‌తో పెట్టి, పెళ్లి సర్టిఫికెట్టుతో పేరు మార్పు, రెన్యువల్ రెండూ ఒకే అప్లికేషన్‌లో టిక్ పెట్టండి. విడివిడిగా పెడితే మొదటిది అప్రూవ్ అయ్యేదాకా రెండోది ఎక్కదు, ఆమెకున్న 4 నెలలు కరిగిపోతాయి. ఈ దారిలో ఒరిజినల్స్‌తో ఒకసారి ఆఫీసుకి మనిషి పోవాల్సి వస్తుంది.

అలిపిరి_రోడ్డు
ఏ ఆఫీసుకి అన్నదే అసలు ప్రశ్న. చిత్తూరు లైసెన్సు చిత్తూరులోనే రెన్యువల్ కావాలని చట్టం అనదు. సెక్షన్ 15 ప్రకారం వేరే లైసెన్సింగ్ అథారిటీ కూడా చేయొచ్చు, చేశాక ఇచ్చిన ఆఫీసుకి తెలియజేస్తుంది. కాబట్టి జలంధర్‌లోనే చేయించుకోవచ్చు. సైటులో రాష్ట్రం పంజాబ్ ఎంచుకుని చిత్తూరు నంబరు వేయాలి. లైసెన్సు మీద అడ్రసు జలంధర్‌ది వస్తుంది, దానికి అక్కడి అడ్రసు రుజువు కావాలి.

క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకి కరెంటు బిల్లు తమ పేరున ఉండదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 4 చదవండి. ప్రభుత్వ ఆఫీసు ఇచ్చిన పే స్లిప్ కూడా ఆ జాబితాలో ఉంది. భర్త పే స్లిప్, క్వార్టరు కేటాయింపు లెటరు, ఆమె అక్కడ ఉంటున్నట్టు స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ నుంచి గానీ యూనిట్ నుంచి గానీ సంతకం, రౌండ్ సీలుతో సర్టిఫికెట్టు, పెళ్లి సర్టిఫికెట్టు. ఈ నాలుగూ కలిపి పెడితే కౌంటర్లో మాట తక్కువ పడుతుంది. సర్టిఫికెట్టులో ఆమె పేరు లైసెన్సులో ఉన్నట్టే రాయించి, "అలియాస్" అని ఆధార్ పేరు కూడా పక్కన వేయించండి.

ఆమె సెలవులకి పాకాల వస్తూ ఉంటే మాత్రం ఇక్కడే చేయించండి. భాష ఒకటే, కాగితాలు ఇంట్లోనే, పేరు మార్పు గొడవ మన ఆఫీసుల్లో రోజూ చూసేదే. పంజాబ్ క్లర్కుకి మన ఇంటిపేరు వ్యవహారం అర్థం చేయించడం కష్టం.

సిగ్నల్స్_రిటైర్డ్
ఒక హెచ్చరిక. అడ్రసు రుజువుగా ఆర్మీ ఐడెంటిటీ కార్డు స్కాన్ ఎక్కించొద్దు. దాన్ని జెరాక్స్ తీయించడం నిషిద్ధం, ఏ కౌంటరువాడు అడిగినా చూపించి వెనక్కి తీసుకోవడమే. పే స్లిప్ ఉంది, యూనిట్ సర్టిఫికెట్టు ఉంది, అవి చాలు.

అట్లాగే యూనిట్ అడ్రసు, ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసు లైసెన్సులో వేయాలని చూడొద్దు. ఆర్మీ పోస్టల్ పిన్ 9తో మొదలవుతుంది, సారథి ఊరు, మండలం, జిల్లా అడుగుతుంది, రెండూ కలవవు. పైగా యూనిట్ ఎక్కడుందో తెలియకూడదనే ఏపీఓ పెట్టినారు. అట్లాంటి అడ్రసు తెచ్చి సివిల్ కార్డు మీద ఊరితో సహా అచ్చు వేయించుకోవడం ఏం తెలివి?

రేణిగుంట_గేటు
నంబరు సంగతి మర్చిపోయాం. 2006 నాటి కార్డు అయితే నంబరు డీఎల్ఎఫ్ఏపీ అని మొదలవుతుంది. సారథిలో "రికార్డు లేదు" అని వస్తే వెంటనే కంగారు పడొద్దు. అక్షరాల మధ్య ఖాళీ, గీత పెట్టకుండా ఒకసారి వేసి చూడండి. పుట్టిన తేదీ కార్డు మీద ఉన్నదే వేయండి, ఆధార్‌ది కాదు. అప్పటికీ రాకుంటే పాత కార్డు ఇచ్చిన ఆఫీసులో రికార్డు సారథిలోకి ఎక్కించాల, దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది వేరే రాష్ట్రం ఆఫీసు చేయలేదు. ఈ ఒక్క పనికి మాత్రం తిరుపతిలోనో చిత్తూరులోనో ఇచ్చిన ఆఫీసే దిక్కు. పాత కార్డు ఒరిజినల్, అర్జీ తీసుకుని ఇంట్లోవాళ్లు పోయి అడగాల.

ఏడాది గడువు పక్కన ఉన్నప్పుడు బ్యాక్‌లాగ్ బయటపడితే చాలా ఇబ్బంది. అందుకే ఇప్పుడే ఒకసారి ఇద్దరి నంబర్లూ వేసి చూసుకోండి. దానికి ఓటీపీ కూడా అక్కర్లేదు, లైసెన్సు వివరాలు చూసే పేజీలో నంబరు, పుట్టిన తేదీ చాలు.

పాకాల_జంక్షన్
ఇప్పుడే చూసినా. అన్నది వచ్చింది, రెండు క్లాసులూ ఉండాయి. వదినది కూడా వచ్చింది.

పుత్తూరు_కట్టు
40 దాటినోళ్లు ఈ థ్రెడ్ చదివితే వాళ్లకి ఒక ముక్క. 40 దాటితే ఫారం 1 చాలదు, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాల. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి వయసుతో పని లేదు, ఎవరికైనా 1ఏ. అందులో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సీలు, మీ ఫోటో మీద సంతకం ఉండాల. ఫోటో మీద సంతకం లేదని వెనక్కొచ్చేవే ఎక్కువ.

యూనిట్ ఆర్‌ఎంఓ, అంటే పటాలం డాక్టరు, సంతకం పెట్టిస్తే సరిపోతుందా అని ఫౌజీలు అడుగుతారు. ఆయన రిజిస్టర్డ్ డాక్టరే, కానీ ఫారం 1ఏ ఇచ్చే డాక్టరుని రాష్ట్రం నియమించాలని చట్టంలో ఉంది కాబట్టి కొన్ని ఆఫీసులు ఒప్పుకోవు. ఊర్లో ఉంటే ప్రభుత్వాసుపత్రి డాక్టరు దగ్గర తీసుకోవడమే గొడవ లేనిది. బయట 100 రూపాయలకి మనిషిని చూడకుండా సంతకం పెట్టే బాపతు వద్దు. రేపు యాక్సిడెంటు కేసులో ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

కుప్పం_గ్రానైట్
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మా బావ ఆర్మీ సరఫరాల విభాగం ఏఎస్సీలో డ్రైవరు, వచ్చే ఏడాది రిటైర్మెంటు. మిలిటరీ లైసెన్సు మాత్రమే ఉంది, సివిల్ది లేదు. దాంతో బయట లారీ నడపొచ్చా? బండికి దేశమంతా చెల్లే బీహెచ్ నంబరు ఉంటే లైసెన్సు పని సులువవుతుందంటారు, నిజమా?

సిగ్నల్స్_రిటైర్డ్
బీహెచ్ బండి రిజిస్ట్రేషన్‌కి, లైసెన్సుకి దాంతో సంబంధం లేదు.

మిలిటరీ లైసెన్సు సెక్షన్ 18 కింద ఇచ్చేది. దాంతో రక్షణ శాఖ బండ్లే నడపాలి. సొంత స్కూటరు కూడా నడపకూడదు, లారీ సంగతి సరేసరి. చాలామంది 15 ఏళ్లు 5 టన్నర్ ఆర్మీ ట్రక్కు నడిపి, రిటైరైన మర్నాడు బావమరిది కారు తీసి ఫైను కట్టింది ఇందుకే.

కానీ ఒక లాభం ఉంది. సెక్షన్ 9లో, సెక్షన్ 18 కింద లైసెన్సు ఉన్నవాళ్లకి, ఇంతకుముందు ఉన్నవాళ్లకి కూడా, అదే క్లాసు బండికి టెస్టు అక్కర్లేదని రాసుంది. సారథిలో కొత్త లైసెన్సుకి పెట్టేటప్పుడు డిఫెన్స్ లైసెన్సు ఉన్నవాళ్ల ఆప్షన్ ఎంచుకోవాలి. మామూలుగా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) దారిలో పోతే ఈ మినహాయింపు పోగొట్టుకుంటారు.

దీనికి యూనిట్‌లో ఉండగానే చేయాల్సింది ఉంది. లైసెన్సులో ఏ క్లాసులు ఉండాయో స్పష్టంగా ఉండాలి. ఆర్మీ బండి పేరు రాసి వదిలేస్తే మన ఆఫీసులో దాన్ని హెవీ గూడ్స్ అనాలా, ఎల్‌ఎంవీ (తేలిక బండి) అనాలా అని ఆపుతారు. బండి మొత్తం బరువు ఎంత, ఎన్నేళ్లు నడిపాడు అన్నది యూనిట్ బండ్లు చూసే ఎమ్‌టీ ఆఫీసరు సంతకంతో సర్టిఫికెట్టు తీసుకుంటే ఆ మాట రాదు. డిశ్చార్జి అయ్యాక దాని కోసం యూనిట్‌కి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి, అప్పటికి యూనిట్ ఇంకో చోటికి పోయుంటుంది.

కుప్పం_గ్రానైట్
థాంక్స్ సార్, బావకి ఇది అట్లాగే పంపిస్తా.

చిత్తూరు_తోతాపురి
పాకాల తమ్ముడికి చివరిగా కార్డు సంగతి. అప్రూవ్ అయినాక కార్డు పోస్టులో అప్లికేషన్‌లో ఉన్న అడ్రసుకి వస్తుంది. ఇల్లు తాళం వేసుంటే వెనక్కి పోతుంది, మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాల. నాన్నకి చెప్పి పోస్ట్‌మ్యాన్‌ని కనిపెట్టుకోమనండి. కార్డు వచ్చేదాకా డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే చెల్లుతుంది, రూల్ 139లో ఉంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకుంటే చెల్లదు, యాప్ తెరిచి చూపించాల. డిజీలాకర్‌లో పాత గడువే కనిపిస్తా ఉంటే లైసెన్సు తీసేసి మళ్లీ తెచ్చుకోమను, కొత్తది వస్తుంది.

పాకాల_జంక్షన్
సరే అన్నా. నాన్న ఫోన్ పక్కన పెట్టుకుని ఆదివారం అన్నది మొదలుపెడతా. వదిన వచ్చే నెల పాప సెలవులకి వస్తా ఉంది, పెళ్లి సర్టిఫికెట్టు తీసుకుని చిత్తూరు పోతాం. స్లాటు ఇప్పుడే బుక్ చేసిపెట్టాలా, ఆమె వచ్చినాకా?

అలిపిరి_రోడ్డు
అప్లికేషన్, ఫీజు ఇప్పుడే. స్లాటు మాత్రం టికెట్ కన్ఫర్మ్ అయినాక, ఆమె దిగిన రెండో రోజుకో మూడో రోజుకో తీసుకో. కాగితం ఏదైనా తక్కువైతే తెచ్చుకోవడానికి సెలవుల్లో ఇంకా రోజులు మిగిలుండాల.